ఉప్పునీళ్ళకు మా అవ్వ ఏరిన మొక్కలు

మత్తిగిరిలో మా ఇంటి ముందుగదిలోని చేపల తొట్టిలో మోచేతివరకూ చెయ్యి ముంచి తీసినప్పుడల్లా, కాస్త ఉప్పు, కాస్త బురద, కాస్త పచ్చి ఆకు కలిసిన వాసన వేళ్ళకు అంటుకుంటుంది. ఆ వాసనకు నాకు కుందారపల్లి బడి, అనపకాయల కాలం, మా అవ్వ చేతులు గుర్తొస్తాయి.

ఆరో తరగతిలో మా సైన్సు అయ్యవారు తన ఊరి దగ్గర, ఏరు సముద్రంలో కలిసేచోట పట్టిన చారలున్న రెండు చేపలను తెచ్చి, గాజుతొట్టిలో కొంచెం ఉప్పు కలిపిన నీళ్ళలో వదిలారు. దాక్కునే చాటు లేక అవి అద్దానికి కొట్టుకుంటుంటే, మొక్కలు తెచ్చే పని నాకు అప్పగించారు. “గొర్రెలు మేపేవాళ్ళకు చేపల సంగతేం తెలుసు” అని వెనక బెంచీ నవ్వింది. పంతం పట్టి, కుంటాట మానుకుని, చలికి వణుకుతూ చెరువులో దిగి, అన్నిటికంటే మెత్తగా, అందంగా ఊగే నాచును ఏరి తొట్టిలో వేశాను. మూడోనాటికి అది కుళ్ళి జావైపోయింది; నీళ్ళు కంపుకొట్టాయి, ఒక చేప పక్కకు ఒరిగి ఈదసాగింది. ఆ సాయంత్రం నాకెంతో ఇష్టమైన అనపగింజల పులుసూ రాగిసంగటీ ముట్టకుండా ఏడ్చాను.

అవ్వ పోచంపల్లి సంతలో గొర్రెను కొనేటప్పుడు మెరిసే బొచ్చు చూసేది కాదు; పళ్ళు చూసి, కాళ్ళు తడిమి, గట్టినేల మీద పెరిగినదాన్నే ఏరేది. దానితోపాటు క్యానులో తెచ్చిన ఆ ఊరి నీళ్ళను మా బావినీళ్ళలో కలిపి నాలుగు రోజులు తాపేది.

“సంత గొర్రెకు ఆడి నీళ్ళు, ఈడి నీళ్ళు కలిపి పోసేది చూసినావు గదమ్మా. చెట్టును మాత్రం ఒకేసారి ఉప్పులో పారేసినావే” అంది ఆ రాత్రి నా ఏడుపు చూసి.

మర్నాడు తనే వచ్చి, చవుడు తెల్లగా పేరిన చెరువుగట్టు వెంబడి నీళ్ళలోని ఆకులను వేళ్ళ మధ్య వంచి చూస్తూ, బిరుసుగా, చూపుకు ఏమంత బాగోని రిబ్బను నాచును పీకింది. మంచినీళ్ళ కుండలో పెట్టి, రోజుకు చిటికెడు చొప్పున నాచేత అందులో ఉప్పు వేయించింది. అంతదాకా అయ్యవారు నీళ్ళు మార్చి, చేపలకు పెంకుముక్కలు చాటుపెట్టారు. పదిహేను రోజులకు తొట్టిలో నాటిన మొక్క కొత్త ఆకు వేసింది. చూడ్డానికి అవ్వ బడికొచ్చింది. నేను గర్వంతో ఉబ్బిపోయి పక్కన నిలబడ్డాను.

“చేపలు యాడికి పోయినాయప్పా?” అని అయ్యవారిని అడిగింది.

“ఆకుల్లో దాక్కున్నాయమ్మా.”

“అట్లయితే సరే” అని వెళ్ళిపోయింది. వెనక బెంచీ మళ్ళీ నవ్వలేదు.

ఇప్పుడు ఆ చవుటి గట్టు మీద లారీ షెడ్లున్నాయి. మా ఇంట్లో మందా లేదు, అవ్వా లేదు. ఉప్పునీళ్ళకు ప్లాస్టిక్ చెట్లే పెట్టుకోమని నాకు చెప్పిన హోసూరు చేపలతొట్ల అంగడివాడే, మా తొట్టి చూశాక మొక్కలు కొనేవాళ్ళను నా దగ్గరికి పంపుతున్నాడు. ఏ కోర్సు చదివినారని వాళ్ళు అడుగుతారు. మా అవ్వ నేర్పింది, గొర్రెలు కాసేది అంటాను. ఆమె బతికినన్నాళ్ళూ సముద్రం చూడలేదని కూడా చెబుతాను.