బండి తడకలు

ఎండాకాలం మధ్యాహ్నం కిష్టవ్వ ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ చెంబులో పోసుకొని, వాడకట్టులో ముసలివాళ్లున్న ఇళ్లకు పోతుంది. చెంబు చేతికిచ్చి వెనక్కి తిరగదు. కొంగు నెత్తిన కప్పుకొని, వాళ్లు తాగేదాకా ఎదురుగా నిలబడుతుంది. అక్కడ పెట్టి పొమ్మంటే వినదు. "తాగినంకనే పోత," అంటుంది. మొండిదని కొందరు, పని లేనిదని కొందరు నవ్వుతారు. పెట్టి పోయిన చెంబు ఏమవుతుందో వాళ్లకు తెలియదు. కిష్టవ్వకు తెలుసు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఆమె జమ్మికుంట దగ్గరి ఈ ఊరికి కోడలై వచ్చింది. భర్త రాజం నెమ్మదస్తుడు. అత్త బాలవ్వ నోరు మాత్రం మంచిది కాదు. కోడలు జొన్నరొట్టె చేస్తే తాంబాళమంత గట్టిగా ఉందనేది, జొన్నరవ్వతో గటక వండితే గంజిలా ఉందనేది. అయినా కిష్టవ్వ తొలికాన్పులో జ్వరంతో పడి ఉంటే పక్కన కూర్చొని, తల్లి లేని ఆ కోడలి తల ఒళ్లో పెట్టుకొని, చిక్కులు తీసి జడ అల్లింది బాలవ్వే. ఆ తర్వాత అత్త ఎన్ని మాటలన్నా కిష్టవ్వకు మనసు విరగలేదు.

ఇంటి వెనక వాళ్ల జొన్నచేను ఉండేది. వానకాలం, చలికాలం చేను మనిషి ఎత్తు నిలిచేది. ఎండాకాలం మోళ్లే మిగిలినా, చేను చుట్టూ ముళ్లకంప ఉండేది, అటువైపు ఎవరూ నడిచేవారు కాదు. బయటికి పోవడానికి ఆడవాళ్లకు ఆ చాటు చాలు.

యాభై తొమ్మిదిలో ఆ చేను గట్టునే బస్సు రోడ్డు పడింది. కంప కొట్టేశారు. ఊరంతా సంబరపడింది. బాలవ్వ కూడా మొదటి బస్సును చూడబోయి, ఇది మన ముసలి ఎద్దు కంటే ఎక్కువ ఆయాసపడుతున్నదని వెక్కిరించి వచ్చింది. ఆడవాళ్లకు వచ్చిన కష్టం మాత్రం ఎవరి నోటా రాలేదు. తెల్లవారకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. నడుమ ఎవరికి వాళ్లు బిగబట్టుకోవడమే. కిష్టవ్వ కూడా అలాగే సర్దుకుంది. పడుచు ఒళ్లు కనుక ఓర్చుకుంది. ముసలి ఒళ్లు ఎలా ఓరుస్తుందో ఆమె ఆలోచించలేదు.

ఆ ఏడు రోహిణి కార్తెలో గాలి పొయ్యి మీది నుంచి వచ్చినట్టుండేది. రాజం ఎడ్ల కోసం జమ్మికుంట అంగడికి పోయాడు. తల్లిని చూడటానికి ఆడబిడ్డ సక్కుబాయి వచ్చి ఉంది. కిష్టవ్వ పని నడుమ పందిరి కిందికి వచ్చి, అత్త మంచం పక్కన చెంబు నింపి పెట్టేది. మళ్లీ వచ్చేసరికి అది ఖాళీ. తాగుతున్నదిలే అని ధైర్యంగా ఉండేది. పెదవులు పగిలాయంటే ఎండకే అనుకుంది. ఆ రోజు పొద్దున బాలవ్వ తనను సక్కుబాయీ అని పిలిస్తే కూతురి ధ్యాసలో ఉన్నదనుకుంది.

మధ్యాహ్నం మంచం దిగి గడపదాకా వచ్చిన బాలవ్వ అక్కడే కుప్పకూలింది.

ఒళ్లు పెనంలా కాలుతున్నది. చెమట చుక్క లేదు. ఏదో గొణుగుతున్నది కానీ మాటలు అతకడం లేదు. ఇద్దరూ మోసుకొచ్చి నడిమింట్లో ఇంకో మంచం మీద పడుకోబెట్టారు. కిష్టవ్వ నీళ్ల రంజన్‌లో బట్ట ముంచి ఒళ్లంతా కప్పి, ఆరితే మళ్లీ తడిపి, విసనకర్రతో విసురుతూనే ఉంది. చాలాసేపటికి బాలవ్వ కళ్లు తెరిచింది. మనుషులను గుర్తుపట్టింది. కిష్టవ్వ ఆమె తల ఎత్తి పట్టి చెంబు పెదవులకు ఆనిస్తే మాత్రం పళ్లు బిగించి మొహం గోడవైపు తిప్పుకుంది.

"సూసినవా," అంది సక్కుబాయి. "గీ ఇంట్ల నీళ్లు సుత ముట్టనంటున్నది మా అవ్వ. ఎట్ల సాకినవో ఏమో."

సక్కుబాయి పక్కింటి బాలమల్లును బండి కట్టమని కేకేసింది. తన ఊరికి తీసుకుపోతానని, తన తల్లిని తనే చూసుకుంటానని అంది. ఆ ఊరు హుజూరాబాద్ అవతల. ఈ ఎండలో బండి ఆ ఊరు చేరేసరికి అందులో ప్రాణం ఉండదని కిష్టవ్వకు తోచింది. కాళ్లు పట్టుకున్నంత పని చేసి, కనీసం పొద్దు చల్లబడనివ్వమని బతిమాలింది.

"చల్లవడెదాక నీ దగ్గరుంచితె, నువ్వు చల్లగనే పంపుతవు," అంది సక్కుబాయి.

కిష్టవ్వ నీళ్లకని పందిరి కిందికి పోయింది. అత్త మంచం అవతల, గోడ మొదట్లో కాలు బురదలో దిగబడింది. ఊళ్లో ఆకన్నది మాడిపోయిన రోజుల్లో, అక్కడి కాకర తీగ పచ్చగా గోడెక్కి ఉంది. ఆమె తడి కాలితో అలాగే నిలబడిపోయింది. తను నింపిన చెంబులన్నీ ఇక్కడికే వచ్చాయి.

లోపలికి పరుగెత్తి అత్త చెవి దగ్గర వంగింది. "అత్తా, నీళ్లు తీగకెందుకు పోసినవ్?"

బాలవ్వ నాలుక తడారి మాట పెగలలేదు. ఆగి ఆగి అంది: "పొద్దు గూకనియ్యి. గప్పుడు తాగుత. రోడ్డు మీద మంది పోతున్నరు."

తాగితే బయటికి పోవాలి. పొద్దుండగా పోవడానికి చాటు లేదు. పొద్దు గూకడానికి ఇంకా ఎంతో సేపుంది, అంతసేపు ఆ ప్రాణం ఆగదు.

వాకిట్లో ఎడ్ల మువ్వలు వినిపించాయి. ముసలామెకు ఎండ తగలకుండా బాలమల్లు బండికి రెండు పక్కలా వెదురు తడకలు కట్టుకొచ్చాడు. కిష్టవ్వ వాటిని చూసింది.

"బావా, తడకలు ఇప్పు."

బాలమల్లు తెల్లబోయాడు. "ఇప్పితె ముసలామె మాడిపోదా? ఎందుకట?"

బాలమల్లు రాజంకు అన్న వరుస మనిషి. అతనితో ఆ మాట ఎలా అంటుంది? లోపలి నుంచి సక్కుబాయి ఇవ్వొద్దని అరుస్తున్నది. కిష్టవ్వ బండి దగ్గరికి పోయి తనే ముడి విప్పసాగింది.

"ఎందుకని అడుగకు బావా. నీకు దండం పెడుత."

అతను ఆమె మొహం చూసి, ఆమె చేతిలోని తాడు అందుకున్నాడు. తడకలు విప్పి పెరట్లోకి మోశాడు. పశువుల కొట్టం గోడ మూలకు, రోడ్డు వైపు అడ్డంగా ఆమె ఎక్కడ పట్టుకుంటే అక్కడ కట్టాడు. ఆమె తన చద్దరు తెచ్చి ముందర వేలాడగట్టి, లోపల నీళ్ల కుండ పెడుతుంటే అతను చప్పున మొహం తిప్పుకొని, ఎడ్లను చూసే నెపంతో వెళ్లిపోయాడు.

కిష్టవ్వ అత్త పడుకున్న మంచాన్ని వెనక తలుపుదాకా లాగింది. చేయి వేయడానికి వచ్చిన సక్కుబాయి పెరట్లోకి చూసింది. ఆ కుండను, ఆ చద్దరును చూసి ఆగిపోయింది. తర్వాత వంగి మంచం పట్టె పట్టుకుంది.

"అత్తా, గటు సూడు. రోడ్డు కండ్లవడ్తున్నదా?"

అప్పుడే బస్సు పోయింది. తడక పైన దుమ్ము లేచింది, మోత వినిపించింది, అంతే. బాలవ్వ చాలాసేపు అటే చూసింది. తర్వాత, కిష్టవ్వ తెచ్చిన మజ్జిగ చెంబుకు చేయి చాపింది.

"ఉప్పేసినవా?"

గుక్కెడు తాగి ఆగింది. మళ్లీ గుక్కెడు. కిష్టవ్వ చెంబు వదల్లేదు. గొంతు కదిలిన ప్రతిసారీ చూసింది. తాగినా, ఒంట్లో నీళ్లు నిలిచాయో లేదో తెలియదు. తడిబట్ట మారుస్తూ, విసురుతూ, ఇద్దరూ కాచుకొని కూర్చున్నారు. వాకిట్లో తడకలు లేని బండి ఎండలో నిలబడే ఉంది.

ఎండ ఇంకా గోడ దిగకముందే బాలవ్వ కదిలింది. "పోరీ, జర పట్టు," అంది.

కోడలి భుజం పట్టుకొని, కూతురి చేయి ఊతంగా, పట్టపగలు ఆమె తడకల చాటుకు నడిచింది. బయటికి వచ్చాక, చద్దరు ముడి వదులుగా కట్టావని కోడలిని తిట్టింది. అది విని సక్కుబాయి గడపలో కూర్చొని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. బాలమల్లు ఎడ్లను విప్పేశాడు.

అంగడి నుంచి వచ్చిన రాజం పెరట్లో తడకలు చూసి ఇదేమిటని అడిగాడు. ఆడవాళ్ల ముచ్చట నీకెందుకని బాలవ్వ కసిరి, తెల్లవారి పత్తికట్టె తెచ్చి దడి కట్టమంది. సక్కుబాయి తన ఊరికి పోయాక తన పెరట్లోనూ ఒకటి కట్టించింది. బాలవ్వ ఆ తర్వాత కొన్ని ఎండాకాలాలు చూసి, ఒక ముసురు రోజు పోయింది.

కిష్టవ్వ ఇప్పుడూ ఆ ఇంట్లోనే ఉంటున్నది. పెరటి దడికి ఏటా కొత్త పత్తికట్టె కడుతుంది. వాడకట్టు ఆడవాళ్లు ఏ వేళప్పుడైనా అడగకుండా వచ్చిపోతారు.