శుక్రవారం కదలని మీటరు ముళ్లు

ప్రోగ్రాం చక్కగా రాసిన పిల్లను పట్టుకుని, ఆమె చెయ్యి మంచిది కాదని నలుగురి ముందర అన్నారు. అన్నది సొంత అత్తగారు. తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

అది 2008. కర్నూలు పాతబస్తీలో నాది రిపేరు షాపు. రేడియోలతో మొదలుపెట్టి, దొరికిన పుస్తకమల్లా చదువుకుని కంప్యూటర్లకు మళ్లినవాణ్ణి. ఆ పిల్ల పేరు వాసవి. వాళ్లది బేతంచెర్లలో నాపరాళ్ల వ్యాపారం. మగడు లారీల వెంట తిరుగుతాడు. చంకలో చంటిపిల్ల, ఇంటి ముందుగదిలో రెండు కంప్యూటర్లు, ఇదీ ఆమె లోకం.

ఒక కంప్యూటరులో ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే విమానం నడపడం తెర మీద నేర్పే సాఫ్ట్‌వేర్. హైదరాబాదులోని ఒక శిక్షణ సంస్థ దాన్ని పంపింది. రెండోది వాసవిది. దానికి ఆమె అట్టల మీద బిగించిన మీటర్లు ఉన్నాయి: ఎత్తుకొకటి, వేగానికొకటి, దిక్కుకొకటి. తెర మీద విమానం లేస్తే ఆ అంకెలు నెట్‌వర్క్ వైరు గుండా వచ్చి ఈ ముళ్లు తిరగాలి. తిరిగితే సంస్థలో ఉద్యోగం. వాళ్లు రెండుసార్లు వచ్చి చూశారు, రెండుసార్లూ ముళ్లు చచ్చినట్టు పడివున్నాయి. అత్తగారు ఆ మాట అన్నది అప్పుడే. ఇంకొక్కసారి వస్తామన్నారు. అప్పుడూ కదలకపోతే గది ఖాళీ చేయించి శాంపిల్ రాళ్లు పెడతామని ఇంట్లోవాళ్లు తేల్చేశారు.

రిపేరుకు పిలిస్తే నేను వెళ్లేసరికి అందరి అనుమానమూ రాతిపొడి మీదే. ఆ ఊళ్లో అది అన్నం మీద కూడా పడుతుంది. తుడిచాను, వైరు మార్చాను, బయటి నుంచి వచ్చేవాటిని అడ్డగించే ఫైర్‌వాల్ చూశాను. అన్నీ సక్రమంగా ఉన్నాయి. వాసవి పాపను ఒళ్లో పెట్టుకుని మిషన్లు ఆన్ చేసింది.

తెర మీద విమానం నేల విడిచింది. అట్ట మీద ముల్లు ఒక్కసారి వణికి మెల్లగా పైకి జరిగింది. విమానం ఒరిగితే పక్క మీటరూ తిరిగింది. చిన్నప్పుడు చెక్కపెట్టెలోంచి పాట వినబడితే పెట్టె వెనక్కి వెళ్లి మనిషి కోసం వెతికినవాణ్ణి నేను. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అలాగే నిలబడిపోయాను. ఎక్కడా లేని విమానం ఎంత ఎత్తున ఉందో ఎదురుగా ఉన్న ముల్లు చెబుతోంది. వచ్చిన పని కాసేపు మరిచిపోయాను.

మళ్లీ చేయించాను. మళ్లీ తిరిగింది. ఇలా లాభం లేదనుకుని, వాళ్లు వచ్చిన రోజు ఏమేం చేశారో అవన్నీ ఉన్నదున్నట్టు చేయమన్నాను. రెండుసార్లూ శుక్రవారమేనట. మంచిపని గనక అత్తగారు నారాయణమ్మే ఆ వారం పెట్టించి, ముందు పూజ చేసింది.

"ఈ పొద్దు బుధవారం గదన్నా. ఉత్తపుణ్యానికి టెంకాయ కొట్టమంటావా?" అందామె.

"కొట్టక్కా. చట్నీకన్నా పనికొస్తాది," అన్నాను.

గొణుక్కుంటూనే పళ్లెం తెచ్చింది. కోడలి కంప్యూటరుకు బొట్లు పెట్టి, హారతిచ్చి, తన చేత్తో ఆన్ చేసింది. సిమ్యులేటర్ పరాయివాళ్ల సొత్తు, దానికి పూజ లేదు. దాన్ని ఆ తర్వాత వేశారు. విమానం లేచింది. ముళ్లు కదల్లేదు.

వాసవి ముఖం చూస్తుండగానే వెలిగింది. "నేనెప్పుడూ సిమ్యులేటరే ముందు వేస్తా సార్. అది అలవాటు. ముందు వేయాల్సిందేనని నాకూ తోచలేదు," అంది.

రెండు ప్రోగ్రాములు వైరు మీద మాట్లాడుకోవాలంటే వాటి మధ్య సాకెట్ కావాలి. ఒకటి నంబరున్న తలుపు తీసుకుని కూర్చుంటుంది. ఆ నంబరే పోర్ట్. రెండోది వచ్చి తలుపు తడుతుంది. వాసవి ప్రోగ్రాం కంప్యూటరు లేవగానే దానంతటదే వెళ్లి తట్టేది. శుక్రవారం నాడు అవతల తలుపే ఉండదు, సిమ్యులేటర్ ఇంకా లేవలేదు గనక. ఒకసారి తట్టి, జవాబు రాక ఊరుకునేది. మళ్లీ తట్టమని అందులో రాయలేదు.

ఆమె అక్కడికక్కడే కూర్చుని, జవాబు వచ్చేదాకా ఆగి ఆగి తడుతూనే ఉండేలా రాసింది. రెండు మిషన్లూ ఆపి, పూజమిషన్నే ముందు వేశాం. ముళ్లు లేచాయి. ఎవరి ఆచారమూ మానుకోవలసిన పని లేకుండా పోయింది.

నాకు మాత్రం కోపం చల్లారలేదు. "ఆ యమ్మి చెయ్యి మంచిది కాదంటివి. ఆ మాట ఎనక్కి తీసుకుంటావా అక్కా?" అని అడిగాను. నారాయణమ్మ పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. ఎంతసేపు కూర్చున్నా బయటికి రాలేదు. నేను రైలెక్కాను.

మూడోసారీ శుక్రవారమే, పూజతోనే పెట్టారని, ముళ్లు తిరిగాయని, ఉద్యోగం ఇచ్చారని వాసవి ఫోన్ చేసి చెప్పింది. చెప్పి, అత్త చేతికిచ్చింది.

"నువ్వడిగిందానికి చెప్తాండా అన్నా. అన్న మాట ఎనక్కి తీసుకునేది నాకు చేతగాదు. నా కోడలు సోమవారం హైదరాబాదుకు పోతాండాది. పిల్లను నేను పెట్టుకుంటాండా. పిల్ల ఎంత ఏడ్చినా కోడలికి ఫోన్ చెయ్యగూడదు, పనిలో ఉంటాదని ఇంట్లో అందరికీ చెప్పినా."