ఒళ్లో కంప్యూటర్‌తో ఆత్మకూరుకు: బస్సాటకు మానిటర్ కొన్న రోజు

బస్సు నడిపి బతికినవాడికి బస్సులో ఊరికే కూర్చోవడం కంటే పెద్ద శిక్ష లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఉదయగిరి నుంచి నెల్లూరుకు ఎర్రబస్సు నడిపాను. తర్వాత నీటికాసుల జబ్బు, డాక్టర్లు గ్లకోమా అనేది, నా కుడికంటి చూపును ఓ పక్క నుంచి తినుకుంటూ వచ్చింది. బస్సు కాదు కదా, మోపెడ్ కూడా ముట్టవద్దన్నాడు డాక్టరు. ఇంట్లో కూర్చున్న ఆ ఏడాది నేనెంత విసిగించానో నా భార్య రూతమ్మనే అడగాలి. చివరికి మా అల్లుడు కొత్త కంప్యూటర్ కొనుక్కుంటూ, పాతదానికి స్టీరింగు, పెడళ్లు తగిలించి, బస్సు నడిపే ఆట ఎక్కించి నా ముందు పెట్టాడు. ఆ ఆటలో ఊళ్ల పేర్లు నాకు నోరు తిరగవు. ఆ రోడ్ల మీద ఒక్క బర్రె అడ్డం రాదు, అదేం దేశమో! అయినా స్టీరింగు చేతికి తగిలిన రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడం దేనికి.

చిక్కంతా తెరతో వచ్చింది. పాత టీవీకే కంప్యూటర్‌ను తగిలించాం. స్టీరింగు తిప్పిన కాసేపటికి గానీ తెర మీద బస్సు తిరగదు. పావుగంట నడిపితే తల తిరుగుడు, వెంటనే వాంతి. రెండుసార్లు చూసింది రూతమ్మ. మూడోసారి చీపురు పక్కన పెట్టి, "ఇంకొక్క తూరి కక్కుకున్నావంటే ఆ స్టీరింగును అటక మీదకి ఎక్కిస్తా. మళ్లా దించేది లేదు," అంది. అన్నదంటే చేస్తుంది. అల్లుడికి ఫోన్ చేస్తే, గేమింగ్ మానిటర్ కొనమన్నాడు. అయితే గ్రాఫిక్స్ కార్డుకు తగినదే కొనాలని, తగనిది కొంటే తల తిరుగుడు మళ్లీ మొదలవుతుందని చాలా లెక్కలు చెప్పాడు. సగమే తలకెక్కాయి. పక్కనుంచి వింటున్న రూతమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. "చెప్పులు కొనాలంటే కాలు తీసుకోని పోతాం గదా. ఆ పెట్టెనే పట్టకపోదాం పా."

అలా ఓ శుక్రవారం పొద్దున ఏడున్నర బస్సెక్కాం. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు గంటన్నర పైగా పడుతుంది, టికెట్టు మనిషికి వంద లోపే. కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను. డిక్కీలో వేస్తే గుంతల్లో దాని పేగులన్నీ ఊడొస్తాయి. స్టీరింగు, పెడళ్ల సంచి రూతమ్మ ఒళ్లో. డ్రైవరు పెంచలయ్య నా దగ్గర పని నేర్చుకున్నవాడే, మమ్మల్ని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. అక్కడే తప్పు జరిగింది. మలుపు వచ్చిన ప్రతిసారీ నా కుడికాలు దానంతటది బ్రేకు కోసం వెతికింది. "అన్నా, నువ్వు ఆడ ఎంత తొక్కినా నా బస్సు ఆగదు. నెమ్మదిగా కూర్చో," అన్నాడు పెంచలయ్య అద్దంలో నవ్వుతూ. "గేరు ముందు సరిగ్గా మార్చరా, తర్వాత కూర్చుంటా," అన్నాను.

వెనక సీట్లో అనుమసముద్రంపేట దర్గాకు పోతున్న కుటుంబం ఒకటి ఉంది. వాళ్లలో పెద్దావిడ నా ఒళ్లోని మూటను చాలాసేపు చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఏందయ్యా అది, బిడ్డ మాదిరి పట్టుకోనుండావు?"

"కంప్యూటరు అవ్వా."

"దానికేమన్నా గాలి సోకినాదా? దర్గాకు తీసుకపోతా ఉండావా?"

"దానికి కాదవ్వా, ఈయనకే సోకినాది," అంది రూతమ్మ. ఆ ముందు సీట్లలో నవ్వనివాడు లేడు. నేనూ నవ్వాను.

ఆత్మకూరులో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ, కారప్పొడి తిన్నాం. కంప్యూటర్ షాపు పది గంటలకు గానీ తెరవరు, తొందరపడి వెళ్లకండి. యజమాని షఫీ యాభైకి దగ్గరపడ్డ మనిషి. ఫోన్‌లో ముందే చెప్పుకున్నాం కాబట్టి మూడు మానిటర్లు బల్ల మీద పెట్టి ఉంచాడు. మేము దుప్పటి విప్పుతుంటే మాత్రం నోరు తెరిచాడు. "అన్నా, కార్డు పేరు చెప్తే సరిపోయేది. పెళ్లికూతురు మాదిరి తీసుకొచ్చినారే!"

నాకు అర్థమైనంత మీకూ చెబుతాను. తెర మీద బొమ్మంతా చుక్కలే. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో ఉన్న చుక్కలకు ఫోర్‌కే తెరలో నాలుగింతలు ఉంటాయి. ఆ చుక్కలన్నిటికీ క్షణక్షణం రంగు వేయాల్సింది గ్రాఫిక్స్ కార్డు. ఇక హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదో చెప్పే లెక్క. తెర నూట నలభై సార్లు మార్చగలిగినా, కార్డు పాతికో ముప్ఫయ్యో బొమ్మలే గీసి ఇస్తే బండి కుదుపులే. మా కార్డు ఆరు జీబీది, ఏళ్లు గడిచినది. సీతారామపురం అవతల ఘాట్‌లో లోడు ఎక్కువైన బండి ఎలా మూలుగుతుందో నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా నా కన్ను ముప్ఫై రెండు అంగుళాల ఫోర్‌కే తెర మీదే పడింది. ముప్ఫై వేల పైన ధర. పెడితే బస్సు ముందద్దం పెట్టినట్టే ఉంది.

దాన్నే ముందు తగిలించమన్నాను. అబ్బ! రోడ్డు పక్క గడ్డిపోచలు కూడా లెక్కపెట్టొచ్చు. మొదటి మలుపు తిప్పానో లేదో బస్సు ఆగి ఆగి కదిలింది, నా కడుపులో ఇడ్లీ కూడా దానితోపాటే కదిలింది. "మీ కార్డు దీన్ని లాగదన్నా. అమ్మేవాణ్ని నేనే చెప్తా ఉండా," అన్నాడు షఫీ. రెండోది ఇరవై ఏడు అంగుళాలది, చుక్కలు రెంటికీ మధ్యరకం, ధర పద్దెనిమిది వేలు. ఆటలో సొగసులు కొన్ని తగ్గిస్తే కార్డు దీన్ని బాగానే లాగింది. ఇదే ఖాయం చేద్దామని నోరు తెరిచాను.

"ఆగయ్యా," అంది రూతమ్మ. "కుడిపక్క అద్దం చూసేదానికి నువ్వు మెడంతా తిప్పతా ఉండావు. ఆ పక్క నీకు ఆనడం లేదు. ఇట్టా తిప్పతా ఉంటే తల తిరక్క ఏమయితాది?"

షాపులో జిరాక్సులకు వచ్చినవాళ్లు నలుగురున్నారు. అందరూ నా కంటి వైపే చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. "నా కంటి సంగతి ఊరందరికీ చెప్పాలా?" అని స్టీరింగు వదిలేసి బయటికొచ్చి, పక్కనున్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. ఇంకా కోపంలో ఉన్నానో లేదో కూడా చూడకుండా రూతమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నా గ్లాసు లాక్కుని సగం తాగింది.

"పెద్దదే కావాలని నీకుండాదని నాకు తెలీదా? అంత పెద్ద అద్దం ముందర రాజా మాదిరి కూర్చున్నోడివి. గానీ నువ్వు రోజూ నడపాల. ఒక దినం నడిపి రెండు దినాలు పడుకునేది నాకొద్దు." మిగిలిన టీ నా చేతికిచ్చి మళ్లీ తనే అంది. "అటక మీద పెడతానన్నా గానీ, పెట్టాలంటే నాకు మాత్రం బాగుంటాదా? ఆ స్టీరింగు వచ్చినాకనే గదా నువ్వు ఇంట్లో మనిషి మాదిరి మాట్లాడతా ఉండావు."

టీ డబ్బులిచ్చి లోపలికి నడిచాను.

మూడోది ఇరవై నాలుగు అంగుళాల ఫుల్ హెచ్‌డీ. చూడగానే చిన్నబోయాను. చేయి చాపితే అందేంత దూరంలో పెట్టి కూర్చున్నాక కుడి అద్దం, ఎడమ అద్దం, రోడ్డు మూడూ మెడ తిప్పకుండానే చూపులోకి వచ్చాయి. కార్డు ఎంత వేగంగా గీసి ఇస్తే తెర కూడా అంతే వేగంగా మారే ఏర్పాటు దీనికుందట. మలుపులో స్టీరింగు తిప్పితే బస్సు నా చేతిలోనే తిరిగింది. ఎన్నాళ్లయిందో ఆ తిరుగుడు ఒంటికి తెలిసి! పావుగంట గడిచింది. అరగంట దాటింది. వాంతి వస్తుందేమోనని నేను, వస్తుందేమోనని షఫీ, ఇద్దరం భయపడుతూనే ఉన్నాం. రాలేదు. ఓ స్టాపులో బస్సును నెమ్మదిగా ఆపి పక్కకు చూశాను. రూతమ్మ స్టూలు మీద కూర్చుని, అంతసేపూ ఓ ప్లాస్టిక్ కవరు నోరు తెరిచి ఒళ్లో పట్టుకుని ఉంది. నన్ను చూసి దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"గంతకు తగ్గ బొంత. ఇదే కట్టియ్యి షఫీ," అంది.

పన్నెండు వేలకు కాస్త తక్కువైంది, వేరే కేబుల్ ఒకటి ఊరికే ఇచ్చాడు. కొనేవాళ్లు మానిటర్ పెట్టెలో వచ్చే కేబుల్‌తో పూర్తి వేగం వస్తుందో లేదో షాపులోనే చూసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటన్నర బస్సుకు తిరుగు ప్రయాణం. మరుసటి రోజు తెల్లారకముందే రూతమ్మ నన్ను తట్టి లేపింది. కంప్యూటర్ పక్కన కాఫీ గ్లాసు పెట్టి ఉంది. "డ్యూటీకి టైమయిపోయింది, లెయ్," అంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు రోజూ అనే మాట, నా కన్ను పోయినప్పటి నుంచీ మా ఇంట్లో వినపడని మాట. నేను లేచి మొహం కడుక్కుని, చొక్కా కూడా వేసుకుని కూర్చున్నాను.

పెద్ద తెర మీద ఆశ ఇంకా పూర్తిగా పోలేదు, అబద్ధమెందుకు. కానీ రోజూ రెండు గంటలు నడుపుతున్నాను, కడుపు చల్లగా ఉంది. మీరూ ఈ పని మీద బయల్దేరేట్టయితే ఒక్కటే సలహా. వీలైతే మీ కంప్యూటర్‌నే షాపుకు మోసుకెళ్లి, మీరు రోజూ ఆడే ఆటనే కనీసం అరగంట ఆడి చూడండి. వెంట ఇంట్లో మనిషిని ఒకరిని తప్పకుండా తీసుకెళ్లండి. మీరు తెరను చూస్తూ ఉంటారు. మిమ్మల్ని చూసేవాళ్లు ఒకరు కావాలి.