ఎండతో వండిన పలావు

ఇంటి మీద పలక పెడితే కరెంటు పుడుతుందంటే మా వైపు జనం పడీపడీ నవ్విన ఆ రోజుల్లోనే, ఒక్క కట్టెపుల్ల అంటించకుండా, చుక్క కిరసనాయిలు పోయకుండా, ఉత్త ఎండతో బడి పిల్లలందరికీ పలావు వండి పెట్టిన మనిషిని నేను. నమ్మకపోతే మీ ఇష్టం. జనగామలో స్టాఫ్‌రూముల్లో, పొద్దుటి రైలు పెట్టెల్లో, పెళ్లి పందిళ్లలో ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు. చెప్పిన ప్రతిసారీ ఆ పలావు వాసన కొంచెం పెరుగుతూ వచ్చింది. (జీడిపప్పు మాత్రం చాలా ఆలస్యంగా, నేను రిటైరైన ఏడాది కలిసింది.)

అప్పుడు నాకు మీసమూ కొత్తే, ఉద్యోగమూ కొత్తే. మొదటి పోస్టింగు ములుగు ఘనపూర్ దగ్గర, ఊరి పిల్లలూ తండా పిల్లలూ కలిసి చదివే ఒక బడిలో. ఇప్పుడది భూపాలపల్లి జిల్లా. అప్పుడు మాత్రం జనగామవాడికి అది భూమి అంచు. ఏదో తప్పు చేస్తేనే అక్కడికి వేస్తారని అందరూ అనుకునేవారు. నేను ఏ తప్పూ చేయలేదు, చేయడానికి టైమే దొరకలేదు. చేరిన కొత్తలోనే హన్మకొండలో ట్రైనింగని పిలిచారు. కర్టెన్లు దించిన గదిలో, గిర్రున తిరిగే ఫ్యాను కింద, ఒక నిపుణుడు సౌరశక్తి గురించి చెప్పాడు. ఆయన రంగు చూస్తే ఎండకూ ఆయనకూ పెద్దగా పరిచయం ఉన్నట్టు లేదు. ‘చెప్పి కాదు, చేయించి నేర్పండి’ అన్నది ఆయన మాటల్లో నాకు అర్థమైన ఒకే ఒక్క ముక్క.

సరే, చేయించాను. రెండు పాత డబ్బాలు తెప్పించి, ఒకదానికి కుండమసి పూయించి, ఇంకోదానికి సున్నం కొట్టించి, రెండింటిలో నీళ్లు పోసి ఎండలో పెట్టించాను. మధ్యాహ్నానికి పిల్లలు వరుసగా వచ్చి వేళ్లు ముంచారు. ‘నల్లది కాలుతున్నది సారూ!’ అని ఒకటే గోల. ఎందుకని అడిగితే అందరూ నేల చూశారు. ఒక తండా పిల్ల మాత్రం చెయ్యి ఎత్తింది. తోటి పిల్లలు ఆ అమ్మాయిని కట్టెలమ్మ అనేవాళ్లు. రెండు రోజులు బడికొస్తే నాలుగు రోజులు వాళ్లమ్మతో అడవికి కట్టెలకు పోయేది. మోపులు మోసీ మోసీ ఆ వయసుకే మెడ కొంచెం ఎడమకు వాలింది. “నల్ల బర్రె నీళ్లల్ల పంటది, తెల్లావు పండదు. గందుకేనా సారూ?” అంది. ట్రైనింగులో ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. “నువ్వు కూసో” అన్నాను. (టీచర్లకు తెలిసిన జవాబుల్లో ఇది అన్నింటికంటే పాతది.)

ఆ తర్వాత సోలార్ కుక్కర్. దుకాణం నుంచి సబ్బుల అట్టపెట్టెలు, చిన్నదొకటి, పెద్దదొకటి. ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యన ఊక కూరాం. లోపల అతికించడానికి వెండి కాగితం కావాలి. ఆ రోజుల్లో మా లోకంలో వెండి కాగితం ఒక్క చోటే దొరికేది, సిగరెట్ పెట్టెలో. తండా మొత్తం బీడీ, చుట్ట. అందుకని పిల్లలు ఘనపూర్ బస్సులు ఆగే చోట ఖాళీ పెట్టెల కోసం వెతకడం మొదలుపెట్టారు. కొందరైతే సిగరెట్ తాగేవాళ్ల పక్కన నిలబడి, ఎప్పుడు పారేస్తారా అని ఎదురుచూసేవారు. సైన్సు కోసమని నేను కూడా తాగడం మొదలుపెట్టాను. (అంతకు ముందు తాగలేదని ఇంట్లో చెప్పాను. మీకు కూడా అదే చెబుతున్నాను.) వారం తిరగకుండా ఒక తండ్రి కర్ర పట్టుకుని బడికొచ్చాడు. “ఏంది సారూ, మావోడు సిగరెట్ డబ్బలు ఏరుకుంట తిరుగుతున్నడు! చదువంటే గిదేనా? బీడీ తాగుడు నేర్పాలంటే ఇంట్లనే నేర్పకపోదునా?” అన్నాడు. సౌరశక్తి గురించి ఆయనకు వివరించబోయాను. “ఎండల ఏమున్నదో నీకేం తెలుసు, పత్తి చేన్ల నిలబడు తెలుస్తది” అని పోయాడు.

పైన బిగించడానికి గాజు అద్దం కావాలి. బడి మొత్తం మీద అద్దమున్న వస్తువు ఒక్కటే, ఆఫీసు గోడ మీది నాయకుడి పటం. ఆ అద్దం ఊడదీశాను. మర్నాడు పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, పటం ముందు నిలబడి నన్ను పిలిచారు.

“పటానికి అద్దమేదయ్యా?”

“ప్రయోగంల ఉన్నది సార్.”

“మరి నాయకున్ని ఈగలు ముసురుతున్నయి గద. ఇన్‌స్పెక్టరొస్తే ఆయన మూతి మీది మచ్చలేందని అడుగుతడు. నీ పేరే చెప్త.”

“చెప్పండి సార్, దేశం కోసం ఆయన గీ మాత్రం ఓర్చుకోలేడా?” అన్నానని జనగామలో చెప్పుకునేవాణ్ణి. నిజానికి “తప్పయింది సార్” అన్నాను.

ఇక పలావు సంగతి. అది పలావు కాదు. బియ్యం. అది కూడా పిడికెడు. పొద్దున్నే నానబెట్టి, టీ హోటల్ నుంచి చెంబుతో తెచ్చిన మసిలే నీళ్లు ఎవరూ చూడకుండా పోసి, మసి పూసిన గిన్నె పెట్టెలో పెట్టాను. ఆ పైన సూర్యుడు కూడా తన వంతు పని చేశాడనుకోండి. మధ్యాహ్నం మూత తీస్తే ఆవిరి వచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. ఒక్కొక్కరికి చిటికెడు దక్కింది. పలుకు పలుకుగా, కొంచెం సిగరెట్ వాసనతో ఉంది. అందరూ నోట్లో వేసుకున్నారు. కట్టెలమ్మ మాత్రం తన వంతు లంగా కొసకు ముడేసుకుని ఇంటికి తీసుకుపోయింది.

మర్నాడు వాళ్లమ్మ బడికొచ్చింది. ఆ మెతుకులు ఇంకా అరచేతిలోనే ఉన్నాయి.

“సారూ, కట్టెలు లేకుంటనే ఉడికిందా గిది?”

“ఎండతోనే ఉడికిందమ్మా.”

“పిల్లల మీద ఒట్టేయ్.”

నాకప్పటికి పిల్లల్లేరు కనుక ఒట్టేశాను. వేడి నీళ్ల ఊసు ఎత్తలేదు. ఆమె మెతుకును పంటి కింద పెట్టి కొరికి చూసింది. తర్వాత, “ఫారెస్టోళ్లు గొడ్డళ్లు గుంజుకుంటున్నరు. మోపు ఎత్తితే పిల్ల మెడ వంగుతున్నది. కట్టెల తిప్పలు తప్పితే రోజు బడికి తోలుత సారూ, నాకేం బాధ!” అంది. నాకు కళ్లు చెమర్చాయి. అప్పటికప్పుడే పెట్టె ఎత్తి ఆమె నెత్తి మీద పెట్టాను. ఎలా వాడాలో కూడా చెప్పాను. “పొద్దు ఎటు జరిగితే పెట్టె అటు తిప్పాలె. నీడ పడనియ్యొద్దు. మేకలను రానియ్యొద్దు. మాటిమాటికి మూత తియ్యొద్దు.”

“మేం కూలికి పోతం గద, ఎవలు తిప్పాలె?”

“ఎవలో ఒకలు తిప్పుతరులే అమ్మా. గింత దానికి పరేషానైతే ఎట్ల?” అన్నాను.

ఆ రోజు నుంచి ఆ పిల్ల కట్టెలకు పోలేదు. ఇది పలావులాంటి మాట కాదు, అచ్చంగా నిజం. కొన్నాళ్లకు ఓటర్ల పేర్లు రాయమని నన్ను తండాకు పంపారు. (పాఠం చెప్పడం తప్ప మిగతా పనులన్నీ మా చేత చేయించేవారు.) వాకిట్లో పెట్టె, పెట్టె పక్కన చేతిలో పుల్లతో కట్టెలమ్మ. నన్ను చూడగానే లేచి, నీడ కొలిచినట్టు ఒకసారి నేల వైపు చూసి, పెట్టెను సరిగ్గా సూర్యుడికి ఎదురుగా తిప్పింది. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే చొక్కా బొత్తాలు ఊడాయి. (ఒకటి వదులైంది, అంతే.) వానలు మొదలయ్యేలోపే జనగామకు బదిలీ ఆర్డరు వచ్చింది. దానికోసం నేను ఎక్కని మెట్టు లేదు, మొక్కని ఆఫీసరు లేడు. ఆర్డరు చేతికి రాగానే సౌరశక్తిని ఆ ఊళ్లోనే వదిలేసి మొదటి బస్సెక్కాను.

ఈ మధ్య ఆ బడివాళ్లు నన్ను వెతికి పట్టుకుని పిలిచారు. పిల్లల చేత సోలార్ కుక్కర్లు చేయిస్తున్నాం, మీ అనుభవం చెప్పండి అంది సైన్స్ మేడం. పోయాను, శాలువా కప్పారు. ఇప్పుడంతా సుఖం. వెండి కాగితం చుట్టలు చుట్టలుగా దుకాణంలో దొరుకుతుంది, అట్టపెట్టెలు పార్సిళ్లతో ఇంటికే వస్తాయి. బడి కప్పు మీద నిజం సోలార్ పలకలే ఉన్నాయి, బ్యాటరీ పోయి చాలా కాలమైందట. ఆవరణలో పిల్లలు పెట్టెలు వరుసగా పెట్టారు. బడి వెనక మధ్యాహ్న భోజనం వంట, కట్టెల పొయ్యి. ఆ పొగ మెల్లగా వచ్చి సోలార్ పెట్టెల మీద పరుచుకుంటోంది. ఎవరికీ నవ్వు రావడం లేదు, నేనొక్కణ్ణే నవ్వితే బాగుండదని ఊరుకున్నాను.

తరగతి గదిలో కథ మొదలుపెట్టి, జీడిపప్పు దగ్గరికి వచ్చాను. చప్పట్లు మోగాయి. అప్పుడే కిటికీ బయటి నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

“పలావెక్కడిది సారూ? నూక బియ్యం!”

పిల్లలు గొల్లుమన్నారు. చూస్తే వంట చేసే ఆమె, చేతిలో గంటె, పొగకు ఎర్రబడిన కళ్లు. నేనేమీ తడబడలేదు. చిన్న అబద్ధాలు గబగబా ఒప్పుకుంటే పెద్దవాటి జోలికి ఎవరూ రారని నా సర్వీసంతా నేర్పింది. పలావు కాదన్నాను, జీడిపప్పు లేదన్నాను, చివరికి చెంబెడు వేడి నీళ్లు కూడా ఒప్పుకున్నాను. మేడం కూడా నవ్వింది. కొత్త మీసంతో, సిగరెట్ కంపుతో, నాయకుడి అద్దం చంకన పెట్టుకుని తిరిగిన ఆ కుర్రసారును తలుచుకుని నాకూ నవ్వొచ్చింది. ఎంత నమ్మకం వాడికి!

“అయితే ఒక్కటి మాత్రం నిజం పిల్లలూ. ఆ పెట్టె వల్ల ఒక ఆడపిల్ల కట్టెలకు పోవడం మానింది, చదువుకుంది” అన్నాను.

కిటికీ అవతలి మనిషి నవ్వడం ఆపింది. ఆమె మెడ కొంచెం ఎడమకు వాలి ఉందని అప్పుడు చూశాను.

“కట్టెలకు పోలే. గది నిజమే” అంది కట్టెలమ్మ. “బడికెప్పుడొచ్చిన సారూ? మా యాడి, గదే మా అమ్మ, కూలికి పోయేది. పొద్దంత నీ పెట్టె తిప్పుకుంట, మేకలను ఎల్లగొట్టుకుంట ఇంటికాడనే కూసున్న. వానలకు నాని పెట్టె మెత్తవడ్డది, ఆ మేకలే తిన్నయి. అటెనుక మానుకోట దిక్కు మిరపకాయలు ఏరవోయినం. గంతే నా చదువు.”

“నాకు తెల్వదమ్మా” అన్నాను.

“ఎందుకు తెల్వదు? ఓట్లు రాసుకుంట మా వాకిట్లకొచ్చినవ్ గద, బడి నడిచే యాళ్లకే! ‘శెభాష్, మంచిగ తిప్పుతున్నవ్’ అన్నవ్. బడికెందుకొస్తలేవని అడగలే.”