కొత్తపేట నుంచి మన్యానికి, బ్రేకుల్లేకుండా

నేను చెప్పే కబుర్లలో సగం తీసేసి వినాలని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఏటిగట్టు మీద నన్ను తరిమిన పాము నా సైకిలు కంటే ముందే కొత్తపేట చేరిందని చెప్పింది నేనే. ఈ మన్యం ప్రయాణం గురించి కూడా టీ కొట్లో చాలాసార్లు చెప్పాను. అక్కడ చెప్పినదాంట్లో ఒక పులి ఉంటుంది. కొండ రోడ్డు మీద మా సైకిలుతో పందెం వేసుకుని ఓడిపోతుంది. ఇక్కడ పులి లేదు. పులి లేకుండా చెప్పడం నాకిదే మొదటిసారి కాబట్టి, ఎక్కడైనా చప్పగా ఉంటే సర్దుకుపోండి.

మా అన్నయ్య రంపచోడవరం అవతల కొండల్లో ఒక చిన్న బడికి మాస్టారు. డెబ్బై తొమ్మిది వానాకాలంలో జ్వరం వచ్చి పోయాడు. టెలిగ్రాం మా ఇల్లు చేరేసరికి నాలుగు రోజులైంది. చనిపోయిన సాయంత్రమే అక్కడే పాతిపెట్టామని వెనకాలే ఒక కార్డు ముక్క వచ్చింది. వాగులు రోడ్డును కోసేశాయి. ఇంటి నుంచి ఒక్కరమూ వెళ్ళలేకపోయాం.

ఇంట్లో అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. పన్ను పీకేముందు డాక్టరు సూది వేస్తే చెంప మనది కాదనిపిస్తుందే, నాకు ఒళ్ళంతా అలా ఉండేది. పలకరించడానికి వచ్చినవాళ్ళకి బెంచీలు వేశాను, మంచినీళ్ళు ఇచ్చాను, వాళ్ళు వెళ్ళాక బెంచీలు తీశాను. ఆ రెండు నెలలూ ఒక్క కోత కూడా కోయలేదు. అది చూసి ఊళ్ళోవాళ్ళు ఎక్కువ భయపడ్డారు.

నవంబరులో వానలు వెనకపట్టాక అమ్మ పిలిచింది.

"ఒరే చిన్నోడా, ఆడి సైకిలూ పెట్టే తెస్తే తెచ్చేవు గానీ, ఒక్కటి కనుక్కునిరా. మట్టి చేసినప్పుడు ఎవరైనా ప్రార్థన చేసేరా? నాలుగు మాటలైనా అన్నారా, ఊరికే కప్పెట్టేసేరా?"

మా ఇంట్లో తాతల కాలం నుంచీ ప్రార్థన లేకుండా ఎవరినీ మట్టిలో పెట్టలేదు. ఆ కొండల్లో గుడి లేదనీ, పాస్టరుగారు లేరనీ అన్నయ్యే ఉత్తరాల్లో రాసేవాడు. అమ్మను తినేస్తున్నది అదే. అన్నం ముందు కూర్చుని ప్రార్థనకు కళ్ళు మూసుకునేది, సగంలో మాట ఆగిపోయేది, కంచం అలాగే ఉండిపోయేది.

తోడు మా బావగారు వచ్చారు. మా అక్క భర్త. కొబ్బరి కొట్లో గుమస్తా, మంచి లావుపాటి మనిషి, గట్టు ఎక్కితేనే రెండుసార్లు ఆగేవారు. గోకవరం దాటాక బస్సుల్లేవు. ఇద్దరం ఒకే సైకిలు మీద వెళ్ళి, వచ్చేటప్పుడు అన్నయ్య సైకిలుతో చెరొకటి తొక్కుకొద్దామని లెక్క. ఈ లెక్క బావగారిదే. కొట్లో లెక్కలు ఆయన బాగా చూస్తారని పేరు.

మా సైకిలుకు బ్రేకులు లేవు. విరిగిపోయి కాదు, మేమే విప్పేశాం. మా వైపు ఎత్తంటే కాలవ మీది వంతెన, పల్లమంటే ఆ వంతెన దిగడం. అక్కడ ఆగాలంటే చెప్పు నేలకి రాస్తే చాలు. బ్రేకు కడ్డీలకు బురద పట్టి కిచకిచమంటుంటే వాటిని మోయడం దేనికని సగం ఊరు విప్పి అటక మీద పడేసింది. పైగా బావగారు పీచు వలిచిన కాయలు ఇరవై, జంటలు జంటలుగా కట్టి, హ్యాండిలుకీ మధ్య కడ్డీకీ వేలాడదీశారు.

"ఇన్నెందుకు బావగారూ?"

"చేతులూపుకుంటా వెళ్తే ఏం బాగుంటది బావా? కోనసీమోళ్ళు వచ్చేరంటే కాయలేవీ అని అడగరూ?"

రావులపాలెం, జొన్నాడ వంతెన, కడియం, రాజమండ్రి. మొదటి రోజు చాపలా పరుచుకున్న రోడ్డు మీద సాఫీగానే గడిచింది. గంటకోసారి మార్చుకుంటూ తొక్కాం. నేను తొక్కితే బావగారు వెనక కూర్చుని కొబ్బరి ధరలు చెప్పేవారు. ఆయన తొక్కితే నేనేమీ చెప్పేవాణ్ణి కాదు. రెండో రోజు పొద్దున్న కోరుకొండ దాటి, గోకవరం దాటి, రెండు పక్కలా టేకు చెట్లు మొదలయ్యాక సైకిలు బరువెక్కింది.

"గాలి దిగినట్టుంది" అన్నారు బావగారు.

దిగి టైర్లు నొక్కాం. రాయిలా ఉన్నాయి. చైను బిగిసిందని వదులు చేశాం. ఎక్కి తొక్కితే మళ్ళీ అంతే. వెనక చక్రం మడ్‌గార్డుకి రాసుకుంటోందని విప్పి బిగించాం. ఒక కిలోమీటరులో నాలుగుసార్లు మరమ్మతు చేశాం. ఐదోసారి బావగారు చెమట తుడుచుకోవడానికి వెనక్కి తిరిగి, అలాగే ఉండిపోయారు.

"బావా, ఇటు చూడు."

మేము వచ్చిన రోడ్డు కింద ఉంది. చాలా కిందన. గోకవరం వైపు పొలాలు పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తున్నాయి. సైకిలుకు ఏ రోగమూ లేదు. మేము కొండ ఎక్కుతున్నాం. పుట్టి బుద్ధెరిగాక సైకిలు మీద ఎత్తు ఎక్కనివాళ్ళకి అది ఎత్తని కాళ్ళు చెప్పలేదు. మామూలు రోజుల్లో అయితే నేను నవ్వుతూ రోడ్డు మీద పడి దొర్లేవాణ్ణి. ఆ రోజు పానా సంచిలో పెట్టి "సరే, పదండి" అన్నాను.

అక్కణ్ణించి తోసుకుంటూ నడిచాం. ఎక్కడం, కాస్త దిగడం, మళ్ళీ ఎక్కడం. తెగిపోయిన వాగుల దగ్గర సైకిలు భుజాన వేసుకున్నాం. కాయలు ఆయన మోశారు. వెదురు పొదలు, రోడ్డు పక్క చింతచెట్లు, చల్లగాలి. బాగానే ఉందని తెలుస్తోంది గానీ, పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు తెలుస్తోంది. రంపచోడవరంలో టీ తాగి, ఇంకా పైకి నడిచి, ఒక కొండ నెత్తికి చేరాం. అవతల రోడ్డు కిందకి వాలి మలుపు తిరిగింది.

ఇద్దరం సైకిలెక్కాం. పెడలు తొక్కలేదు. అదే పోతోంది.

"తొక్కకుండానే పోతంది బావా" అన్నారు బావగారు వెనకనుంచి. ఆ రెండు రోజుల్లో ఆయన గొంతులో సంతోషం విన్నది అప్పుడే. రెండో మలుపులో "కాస్త ఆపు" అన్నారు. చెప్పు నేలకి రాశాను. చెప్పు వెళ్ళిపోయింది. రెండో చెప్పూ వెళ్ళిపోయింది. కాయల తాళ్ళు తెగాయి. కొబ్బరికాయలు రోడ్డు మీద పడి మాతోపాటు దొర్లుతూ, మలుపు దగ్గర మమ్మల్ని దాటిపోయాయి. ఇది కల్పించింది కాదు. మూడో మలుపులో రోడ్డు తిరిగింది, మేము తిరగలేదు. పెద్ద ముళ్ళ తుప్పలోకి వెళ్ళి ఆగాం.

కింద బియ్యం మూట నెత్తిన పెట్టుకుని నడుస్తున్న ముసలాయన వెనక్కి వచ్చాడు. చేతిలో మా కాయ ఒకటి ఉంది. మమ్మల్ని ఒకరి తరవాత ఒకరిని బయటికి లాగాడు.

"మాస్టారి తాలూకావోళ్ళా?"

"ఆయ్. ఎలా గుర్తుపట్టేరండీ?" అన్నారు బావగారు, చొక్కాలో ముళ్ళు ఏరుకుంటూ.

"ఆరూ కొత్తలో ఈ తుప్పలోనే పడ్డారండి. మీ వైపోళ్ళకి దిగడం తెల్దు. తర్వాత రాజమండ్రి ఎళ్ళి రెండు చక్రాలకీ బ్రేకులు ఏయించుకున్నారు."

ఆయన అన్నయ్య బడిలో వంటమనిషి. సరుకులకు వెళ్ళి తిరిగొస్తున్నాడు. కత్తితో ఒక పచ్చి కొమ్మ కొట్టి, ఆకులతో సహా మా సైకిలు వెనక తాడుతో కట్టాడు. అది నేలను ఈడ్చుకుంటూ వస్తే సైకిలు దూకుడు తగ్గుతుందట. మిగిలిన దారంతా ముగ్గురం నడిచే వెళ్ళాం. ఆ కొమ్మ వెనక దుమ్ము ఊడ్చుకుంటూ వచ్చింది. కాయలు పదకొండు దొరికాయి.

అడగవలసిన మాట నేను అడగలేదు. బావగారే అడిగారు.

"మా అత్తగారు కనుక్కోమన్నారండి. మట్టి చేసినప్పుడు ప్రార్థనేమైనా..."

ముసలాయన మూట సర్దుకున్నాడు. "మాకు మీ ప్రార్థన తెల్దండి. ఆదోరం ఆరొక్కరే కూకుని పుస్తకం సదూకునేవోరు, మాకు సెప్పలేదు. మట్టేసేసేక పిల్లలు కదల్లేదండి. ఊరికే ఎలా ఎళ్ళిపోతాం, ఏదోటి అనాలి గదా. అందరికీ కలిపి నోటికొచ్చింది ఎక్కాలేనండి. రోజూ పొద్దున్నే నిలబెట్టి సెప్పించేవోరు. అయ్యే సెప్పేరు. రెండో ఎక్కం కాణ్ణించి మొదలెట్టేరు."

"ఎక్కాలా?" అన్నారు బావగారు.

"ఎక్కాలేనండి. గట్టిగానే సెప్పేరు."

బడి వెనక వెలగచెట్టు పక్కన చుట్టూ రాళ్ళు పేర్చి ఉంది. గడ్డి మొలిచింది. బావగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నేను కళ్ళు తెరిచే ఉన్నాను. రాళ్ళు ఇరవై నాలుగు. ఒకటి మిగతావాటికంటే తెల్లగా ఉంది. అవి తప్ప ఇంకేమీ నాకు తోచలేదు.

పొద్దున్న తిరుగు ప్రయాణం. అన్నయ్య సైకిలు నేను తీసుకున్నాను. పెట్టె దాని వెనక కట్టాం. బావగారి సైకిలుకు వంటాయన కొత్త కొమ్మ కట్టాడు. అన్నయ్య సీటు నాకు రెండంగుళాలు ఎత్తు. దించుకోవచ్చు, పానా ఉంది. దించలేదు. కాళ్ళు చాచి చాచి తొక్కాను. దిగేటప్పుడు రెండు బ్రేకులూ పట్టుకున్నాను, పట్టుకున్నచోటల్లా ఆగింది. గోకవరం వైపు పల్లం దిగేసరికి వేళ్ళకు తిమ్మిరెక్కి, రాజమండ్రి వరకూ వదల్లేదు.

దారిలో అబద్ధం తయారుచేశాం. ఆ పని నాకు వచ్చు.

"రంపచోడవరం నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు. వానలో, గొడుగేసుకుని, వాగు దాటి. మూడు చరణాల పాట పాడారు" అన్నాను.

"గొడుగెందుకు బావా?"

"వాన కదండీ."

"వాగు దాటినోడు ఎలాగూ తడుస్తాడు కదా. గొడుగు తీసెయ్."

జొన్నాడ వంతెన వచ్చేదాకా దాన్ని చెక్కుతూనే ఉన్నాం. పాస్టరుగారికి కళ్ళజోడు పెట్టాను. బావగారు తీసేశారు. పాటకు రెండు చరణాలు చాలన్నారు.

అమ్మ వీధరుగు మీదే ఉంది. పెట్టె వైపు చూడలేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నేను మొదలుపెట్టాను. పాస్టరుగారు, వాగు, రెండు చరణాలు. బాగానే చెప్పాను, ఎక్కడా తడబడలేదు. అమ్మ అంతా విని బావగారి మొహం చూసింది. బావగారు నేల చూశారు.

"నిజం చెప్పరా" అంది అమ్మ.

చెప్పాను. వంటాయన చెప్పింది చెప్పినట్టే చెప్పాను. పాస్టరుగారు లేరు, పాట లేదు, పిల్లలు నిలబడి ఎక్కాలు చెప్పారు. నేను కల్పించిన వాటిలో కూడా అంత నమ్మశక్యం కానిది లేదు. బావగారు "నిజమే అత్తయ్యగారూ, నేనూ విన్నాను" అన్నారు.

అమ్మ చాలాసేపు చీర కొంగు మడతలు పెట్టింది, విప్పింది.

"ఎన్నో ఎక్కం దాకా చెప్పేరు?"

ఆ మాట నేను వంటాయన్ని అడగలేదు. బావగారూ అడగలేదు. ఆయన నా వైపు చూశారు.

"ఇరవయ్యో ఎక్కం దాకా" అన్నాను.

అమ్మ లోపల్లోపలే లెక్కపెట్టుకుంది. పెదాలు కదిలాయి.

"అయితే ఆడి దగ్గర చాలాసేపే నిలబడుంటారు" అంది.

"ఆయ్" అని, సైకిలుకు పట్టిన ఎర్రమట్టి కడగడానికి పెరట్లోకి వెళ్ళాను.