ఇంగ్లీషు సారు ఆగిన చోట

మెదక్‌లో మాకు ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు చెప్పిన సారుకు నత్తి. రోజూ కౌడిపల్లి నుంచి బస్సులో వచ్చేవారు. వాక్యం బాగానే మొదలుపెట్టేవారు. రెండు వాక్యాలను కలిపే పదం దగ్గరకొచ్చేసరికి మాత్రం నాలుక పట్టేసేది. "హి వాజ్ ఇల్..." అని ఆగి, అరచేయి మా వైపు చాపేవారు. ఆ పదం మేం అందించాలి. "బట్" అంటే, "బట్ హి కేమ్ టు స్కూల్" అని పూర్తిచేసేవారు. "సో" అంటే ఆ రోగి ఇంట్లోనే పడుకునేవాడు. "బికాజ్" అంటే ముందురోజు వానలో తడిసి ఉండేవాడు. మేం ఏ దారిన పంపితే సారు ఆ దారినే వెళ్లేవారు. అంత చిన్న పదానికి అంత బలముందని మాకు అలాగే తెలిసింది.

ఒకనాడు హెడ్మాస్టరుతో కలిసి ఇన్‌స్పెక్టరు మా క్లాసుకు వచ్చి కూర్చున్నారు. సారుది ఇంకా టెంపరరీ నౌకరీ. ఎప్పటిలాగే వాక్యం మధ్యలో ఆగి, చేయి చాపారు. "బికాజ్!" అని క్లాసంతా ఒక్కసారే అరిచాం.

ఇన్‌స్పెక్టరు ముఖం వెలిగింది. "మస్తుంది మీ పద్ధతి! యాడ నేర్చిండ్రు?"

ఏదో ఒకటి చెప్పెయ్యమని హెడ్మాస్టరు కళ్లతో సైగ చేశారు. సారు మా వైపు చూశారు.

"ప... పద్ధతి కాద్సార్. నాకు నత్తి. పిల్లలే నడిపిస్తుండ్రు."

"మెచ్చుకుంటుంటే ఊకోవచ్చు గదా?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"పి... పిల్లలు వింటుండ్రు సార్."

లేవబోయిన ఇన్‌స్పెక్టరు మళ్లీ కూర్చుని, "కానియ్యుండ్రి" అన్నారు. గంట కొట్టేదాకా మాతోపాటు ఆయన కూడా గట్టిగా పదాలు అందించారు. ఆ ఏడాదే సారు నౌకరీ పర్మనెంటయింది.