గోంగూరలో ఒక రొయ్య

నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారింట్లో పొయ్యి ఒకటే గానీ వంటలు మాత్రం రెండు. ఇంటిల్లిపాదికీ పెద్ద గిన్నెలో కూర ఉడికేది. పక్కనే అమ్మమ్మ ఒక్కదాని కోసం చిన్న మట్టి చట్టి. ఆ చట్టికి వేరే గరిటె, వేరే మూత, గూట్లో వేరే చోటు. ఆ గరిటెని ఎవరైనా పొరపాటున కోడికూరలో ముంచితే అమ్మమ్మ తిట్టేది కాదు. బూడిద పెట్టి తోమి రెండు రోజులు ఎండలో పడేసేది. ఆ రెండు రోజులూ మజ్జిగన్నం, ఊరగాయతో సరిపెట్టుకునేది. మాకు జాలి వేసేదని అబద్ధం చెప్పను. అది మాకు వట్టి చాదస్తంగా ఉండేది.

పర్చూరు వైపు పల్లె అది. అందరూ వ్యవసాయం చేసుకునేవాళ్ళే. ఆదివారం వస్తే ప్రతి ఇంటా కోడో చేపో ఉడకాల్సిందే. మిగతా రోజులకి ఎండు రొయ్యలు ఉండనే ఉన్నాయి. దోసకాయలో, వంకాయలో, గోంగూరలో గుప్పెడు రొయ్యలు పడకపోతే దాన్ని కూర అనేవాళ్ళు కాదు. అలాంటి చోట నీచు ముట్టకుండా బతకడమంటే రోజూ ఎవరో ఒకరికి సంజాయిషీ చెప్పుకోవడమే. చుట్టాలింటికి వెళ్తే వాళ్ళు కోడిని కోసేవారు, ఈవిడ తినకపోతే తమ మర్యాదకి లోటు చేసిందని మూతి ముడిచేవారు. మిరపకోతల్లో ఆడవాళ్ళంతా కూరలు మార్చుకుంటూ అన్నాలు తింటుంటే ఈవిడ గట్టు చివర ఒంటరిగా కూర్చునేది. ఒక్క ముక్కకి దేవుడు కళ్ళు పొడుస్తాడా అని వాళ్ళు వేళాకోళం చేసేవారు. అమ్మమ్మ నవ్వి ఊరుకునేది.

పుట్టుకతో ఆవిడ అలా కాదు. చేపల పులుసంటే ప్రాణమట. మా చిన్న మామయ్యకి రెండేళ్ళప్పుడు విషజ్వరం వచ్చి మూడు రోజులు కళ్ళు తెరవలేదట. మూడో రోజు అమ్మమ్మ వాకిట్లోకి వచ్చి కోటప్పకొండ ఉన్న వైపు తిరిగి, ఈ బిడ్డని నాకు వదిలేస్తే నేను పోయేదాకా నీచు ముట్టనని ఒట్టు పెట్టుకుందట. సాయంత్రానికి పిల్లాడు నీళ్ళు అడిగాడట. అప్పటినుంచీ ఇరవయ్యేళ్ళు ఆ చట్టి, ఆ గరిటె, ఆ గట్టు చివర.

ఆ బతికిన పిల్లాడు ఆరడుగుల మనిషయ్యాడు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. ఇంకా పెళ్ళి కాలేదు. ముక్కలన్నీ ఏరుకుని కంచంలో వేసుకుంటూ, "నీ వాటా కూడా నేనే తింటున్నాలేమ్మా, ఎక్కడికీ పోలా" అని అమ్మమ్మని ఉడికించేవాడు. నన్ను కోడలు పిల్లా అని పిలిచేవాడు. మా ఊళ్ళో ఐదో తరగతి లేక నన్ను అమ్మమ్మ దగ్గర పెట్టారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తిండిపోతుని కూడా.

అది పత్తికి పచ్చపురుగు పట్టిన కాలం. వారానికి రెండుసార్లు మందు కొట్టేవారు. ఊరు ఊరంతా ఆ వాసనే. బడి లేని ఒక రోజు మధ్యాహ్నం మా అత్తయ్య, అంటే పెద్ద మామయ్య భార్య, నా చేతికి రెండు స్టీలు డబ్బాలిచ్చి పొలానికి పంపింది. రెండిట్లోనూ అన్నం, పైన గోంగూర. చిన్న మామయ్య డబ్బాలో రొయ్యలు వేసింది, అమ్మమ్మ డబ్బాలో వేయనిది. అమ్మమ్మ డబ్బా పిడికి గుర్తుగా నూలుపోగు కట్టి ఉంది. కాలవ గట్టు మీద తుమ్మచెట్టు నీడ చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. మామయ్య డబ్బా మూత తీసి ఒక రొయ్య తిన్నాను. తర్వాత ఇంకొకటి. అలా ఏరుకుంటూ పోతే చూస్తూ చూస్తుండగానే డబ్బాలో కూర గుంట పడింది. దొరికిపోతానని భయం వేసి అమ్మమ్మ డబ్బాలోంచి కాస్త తీసి ఇందులో వేశాను. అప్పుడు అది తగ్గింది. ఇందులోంచి తీసి అందులో వేశాను. రొయ్యలన్నీ నేను తినేశాను కదా, ఇక రెండూ ఒకటే అనుకున్నాను. పైన వేలితో చదును చేసి, మూతలు పెట్టి, ఏమీ ఎరగనట్టు నడిచాను.

మామయ్య పత్తి చేలో మందు కొడుతున్నాడు. అమ్మమ్మ కాలవలోంచి బిందెతో నీళ్ళు మోసి మందు కలిపే డ్రమ్ములో పోస్తోంది. నన్ను చూసి ఇద్దరూ వచ్చి గట్టు మీద కూర్చున్నారు. మామయ్య ఏదో పెళ్ళిచూపుల కబురు చెప్పి తనే పగలబడి నవ్వుతున్నాడు. అమ్మమ్మ నాలుగో ముద్దో ఐదో ముద్దో పెట్టుకుని నమలడం ఆపింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఏదో తీసింది. చిన్న రొయ్య తలకాయ, మీసాలతో సహా. దాన్ని కాసేపు చూసి గట్టు మీద పెట్టింది. తర్వాత నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. లేచి కాలవ దగ్గరికి వెళ్ళి చాలాసేపు నోరు పుక్కిలించి వచ్చింది. ఏమైందమ్మా అని మామయ్య అడిగితే రాయి తగిలిందిరా అంది. అన్నం పక్కన పెట్టేసింది.

మళ్ళీ పని మొదలైంది. కాసేపటికి పంపు నాజిల్‌కి నలక అడ్డం పడింది. మామయ్య దాన్ని విప్పి నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. ఉమ్మేసి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, మళ్ళీ బిగించాడు. మళ్ళీ అడ్డం పడితే మళ్ళీ ఊదాడు. మా ఊళ్ళో మందు కొట్టే ప్రతివాడూ అంతే చేసేవాడు. నేను కళ్ళారా చూశాను, కానీ నా మనసంతా గట్టు మీది ఆ రొయ్య తలకాయ దగ్గరే ఉంది. దానికి అప్పటికే చీమలు పట్టాయి.

పొద్దు వాలకముందే మామయ్య కళ్ళు తిరుగుతున్నాయని చేలోనే కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. నోట్లోంచి చొంగ. ఎవరిదో ట్రాక్టరు మీద చిలకలూరిపేట ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మర్నాడు పొద్దున అదే ట్రాక్టరు మీద తెచ్చారు. అమ్మమ్మ ఏడవలేదు. మామయ్య చొక్కా గుండీలు పెడుతూ కూర్చుంది, పెట్టిన గుండీలే విప్పి మళ్ళీ పెడుతూ.

చావింట్లో పిల్లలు తిన్నారా లేదా అని ఎవరూ చూడరు. నేను సరిగా తినడం లేదని పది రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. ఏది నోట్లో పెట్టుకున్నా కడుపులోంచి తోసుకొచ్చేది. నా లెక్క నాకు స్పష్టంగా ఉంది. నేను రొయ్య వేశాను, అమ్మమ్మ ఒట్టు పోయింది, మామయ్య పోయాడు. ఈ సంగతి ఇద్దరికే తెలుసు. అమ్మమ్మ ఎవరికీ చెప్పలేదు. ఏదో ఒక రోజు అందరి ముందూ చెబుతుందని ఎదురుచూస్తూ ఆవిడ కంటబడకుండా తిరిగాను.

మా వైపు పెద్దకర్మ అయ్యాక దగ్గర బంధువులు వచ్చి ఆ ఇంట్లో మళ్ళీ నీచు వండి అందరికీ పెట్టి వెళ్ళేవారు. దుఃఖం చాలు, ఇక బతకండి అని చెప్పడం లాంటిది. ఆ రోజు కోడి కోశారు, గోంగూరలో రొయ్యలు వేశారు. తాతయ్య చెల్లెలు అమ్మమ్మ పక్కన కూర్చుని, మంచిగానే అంది, "ఇంకెవరి కోసం వదినా? ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు." అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. "వాడు లేకపోతే నా మాట కూడా లేకుండా పోద్దా?" అంది. లేచి తన చట్టి తెచ్చుకుంది.

అప్పుడే అత్తయ్య నా కంచంలో గోంగూర వడ్డించింది. అందులో రొయ్యలు కనబడగానే దొడ్లోకి పరుగెత్తి పత్తికట్టె మోపుల వెనక దాక్కున్నాను. అమ్మమ్మ నా వెనకే వచ్చింది. ఆవిడని చూడగానే ఆగలేకపోయాను. "మామయ్యని నేనే చంపేశానమ్మమ్మా" అని వెక్కుతూ మొత్తం చెప్పేశాను, తుమ్మచెట్టు దగ్గర్నుంచీ.

 ఆవిడ మొహంలో ఏదో కదిలి ఆగిపోయింది. అదేమిటో ఈనాటికీ నాకు తెలియదు. ఆవిడ మనసులోనూ ఆ లెక్కే ఉందేమో, ఆ రొయ్యే కొడుకుని తీసుకుపోయిందని ఆవిడా నమ్మిందేమో అన్న భయం నన్ను ఇప్పటికీ వదలదు. కానీ ఆవిడ నా ముక్కు తుడిచింది. చెయ్యి పట్టుకుని పంక్తిలోకి తీసుకెళ్ళి నా పక్కన కూర్చుంది. కోడికూర, రొయ్యల గోంగూర తనే అడిగి వేయించుకుంది. కలిపింది. తినింది. పంక్తి పంక్తంతా చేతులాపి చూస్తోంది. ఆవిడ మాత్రం నా చెవి దగ్గరికి వంగింది.

"పిచ్చిపిల్లా, నేనెప్పుడు మానేశాను? నువ్వు పుట్టకముందు నుంచీ చాటుగా తింటానే ఉన్నా. ఇరవయ్యేళ్ళు ఊరుకున్న దేవుడు నీ రొయ్య తలకాయకి పగబడతాడా? తిను."

తొమ్మిదేళ్ళ పిల్లకి ఇంతకంటే ఏం కావాలి? నమ్మాను. అమ్మమ్మ దొంగతిండి తినేదన్నమాట అనుకుంటే ఏడుపులోనే నవ్వు కూడా వచ్చింది. ఆ పూట కడుపునిండా తిన్నాను.

ఊరు ఊరుకోలేదు. చితి చల్లారకముందే నాలుక లాగిందన్నారు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టమన్న ఆవిడే ముందుగా నోటి మీద వేలేసుకుంది. ఇరవయ్యేళ్ళు వేళాకోళం చేసినవాళ్ళకి ఇప్పుడు ఆ నిష్ఠ గొప్పదిగా కనబడింది, అది పోయింది కాబట్టి. అమ్మమ్మ మాత్రం ఆదివారం వస్తే నా పక్కన కూర్చుని నేను చూస్తుండగా తినేది. చట్టి గూట్లో బోర్లా పడి ఉంది.

మళ్ళీ పత్తి వేసే రోజులు వచ్చాయి. ఒక ఆదివారం భోజనాలయ్యాక ఏదో పని మీద దొడ్లోకి వెళ్ళాను. పత్తికట్టె మోపుల వెనక, నేను దాక్కున్న చోటే, అమ్మమ్మ వంగి గొంతులో వేళ్ళు పెట్టుకుని తిన్నదంతా కక్కుతోంది. తర్వాత బూడిదతో నాలుక తోముకుంది, రక్తం వచ్చేలా. తర్వాత కోటప్పకొండ వైపు తిరిగి చెంపలు వేసుకుంది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. అంటే ఆవిడ ఎన్నడూ చాటుగా తినలేదు. ఇన్నాళ్ళూ ప్రతి ఆదివారమూ నా కోసం తిని, ఒట్టు కోసం కక్కింది.

తర్వాతి ఆదివారం కంచం ముందు కూర్చుని నాకు నీచు వద్దు, వాసన పడటం లేదు అన్నాను. అత్తయ్య కసిరింది. అమ్మమ్మ నా కళ్ళలోకి చూసింది.  లేచి గూట్లోంచి చట్టి తీసి, దుమ్ము కడిగి, పొయ్యి మీద పెట్టింది. "ఇద్దరికీ సరిపోద్దిలే" అంది. ఆవిడ పోయేదాకా ఆ చట్టిలో ఇద్దరం తిన్నాం. ఆ సంగతి మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆ తర్వాత నా బతుకూ ఆ చట్టి బతుకే అయింది. అత్తగారింట్లో నా కోసం వేరే గిన్నె పెట్టడానికి మా అత్తగారు ఏడాది పాటు సణిగింది. కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ గుడ్డయినా తినమని కేకలేసింది. ఇప్పుడు గుంటూరులో కొడుకు దగ్గర ఉంటున్నాను. పెళ్ళిళ్ళకి వెళ్తే మనవాళ్ళలో పుట్టి ఇదేం తిండని ఇప్పటికీ అడుగుతారు, పనీరు ముక్కలు వేసి జాలిపడతారు. మనవరాలు, భక్తి వల్లా నానమ్మా, ఆరోగ్యం కోసమా అంటుంది. వాసన పడదే అంటాను. నలభై ఏళ్ళ పైగా అదే అబద్ధం.

మామయ్యని తీసుకుపోయింది ఆ నాజిల్లోని మందని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ తర్వాత మా ఊళ్ళో ఇంకొకతను కూడా అలాగే పోయాడు. వాళ్ళమ్మకి ఏ ఒట్టూ లేదు, ఆ రోజు వాళ్ళింట్లో కోడికూర. ఇదంతా నాకు తెలుసు. ఎవరైనా అడిగితే చదువుకున్నదానిలా వివరంగా చెప్పగలను కూడా. అమ్మమ్మకి ఇది చెప్పాల్సింది. నాకు తెలిసేసరికి ఆవిడ లేదు.

మా ఇంట్లో, నా గిన్నెలో, నా చేతులతో నేను వండుకున్న గోంగూరే. అయినా ముద్ద నోట్లో పెట్టుకునే ముందు వేలితో ఒకసారి వెతుకుతాను.